నిజం నిలకడ మీద

‘నిజం నిలకడ మీద తెలుస్తుంది’ అంటారు మన పెద్దలు. కొంతకాలం ఓపిక పడితే నిజం తనంతట తానే బయటికి వస్తుందని దాని భావం. చిన్నప్పటినుంచి వింటున్న ఈ మాటకు ఇంకొక అర్థం కూడా ఉందని నాకు యాభై దాటాక, ఒక పాత పికప్ బండి పక్కన నిలబడి ఉండగా తోచింది. బండి కదలకుండా ఉన్నప్పుడు, యాక్సిలరేటరు మీద కాలు లేనప్పుడు, ఇంజను తన పాటికి తాను తిరుగుతూ ఉండడాన్ని మెకానిక్కులు ఐడ్లింగ్ అంటారు. మా కోలారు వైపు తెలుగులో దానికి వేరే మాట వాడగా నేను వినలేదు. నన్నడిగితే ‘నిలకడ’ అన్న మాటే సరిపోతుంది. ఇంజను గుణం తెలిసేది పరుగులో కాదు, నిలకడలోనే.

నేను సాహిత్యం చదువుకున్నవాణ్ణి కాను. బి.కాం. పూర్తిచేసి 1994లో బ్యాంకు ఉద్యోగంలో చేరాను. ఇంట్లో తెలుగు, బడిలో కన్నడం, వీధిలో తమిళం, లెడ్జరులో ఇంగ్లీషు – బంగారు గనుల ఊళ్ళో పుట్టినవాళ్ళలో చాలామంది బతుకు ఇదే. అందువల్ల ఈ వ్యాసంలో శాస్త్రచర్చ ఏమీ ఉండదు. తెలిసిన లోపాన్ని చెప్పకుండా ఊరుకోవడం తప్పా, కాదా అన్న ఒక్క ప్రశ్న మాత్రమే ఉంది. అది నా ఇంటి గుమ్మం ముందుకే వచ్చి నిలబడింది కాబట్టి రాస్తున్నాను.

మా తమ్ముడికి రాబర్ట్‌సన్‌పేటలో ఒక పికప్ ఉంది. 2007 మోడల్ డీజిల్ బండి. మేమిద్దరం కలిసి డబ్బు పెట్టి, రెండో చేతి మీద కొన్నాం. బేతమంగలం వైపు రైతుల టమాటా పెట్టెలు తెల్లవారేలోగా కోలారు మార్కెట్టుకు చేర్చడం వాడి పని. 2023 వేసవిలో ఆ బండికి జబ్బు చేసింది. ఆగి ఉన్నప్పుడు బండి మొత్తం వణికేది. అద్దాలు గలగలలాడేవి. ఇంజను ఒకసారి ఎగిసి, ఒకసారి కుంగి, అప్పుడప్పుడు పూర్తిగా ఆగిపోయేది. లోడుతో మిట్ట ఎక్కేటప్పుడు యాక్సిలరేటరు తొక్కితే బండి వెంటనే అందుకునేది కాదు. కాలు తీస్తే ఇంజను వెంటనే తగ్గేదీ కాదు.

మొదట చూపించిన షాపులో ఆ కుర్రవాడు బానెట్ ఎత్తి, పంపు దగ్గర ఉన్న ఐడ్లింగ్ స్క్రూను ఒక చుట్టు తిప్పాడు. అంతే, వణుకు పోయింది. రెండు వందలు తీసుకున్నాడు. మేము సంతోషించాం. పదిహేను రోజుల్లో వణుకు తిరిగి వచ్చింది. ఈసారి డీజిల్ ఖర్చు కూడా పెరిగింది. మళ్ళీ స్క్రూ, మళ్ళీ రెండు వందలు.

మూడోసారి ఒక ముసలి మేస్త్రీ దగ్గరికి వెళ్ళాం. ఆయన స్క్రూను ముట్టుకోలేదు. ముట్టుకోలేదు సరికదా, మొదట దాన్ని వెనక్కి తిప్పి పాత చోటికి తెచ్చాడు. బండి మళ్ళీ వణకడం మొదలుపెట్టింది. “ఇప్పుడు మాట్లాడుతుంది సార్, విందాం” అన్నాడు.

ఆయన చూసిన వరుస నాకు ఇప్పటికీ గుర్తుంది. ముందు డీజిల్ ఫిల్టరు అడుగున చేరిన నీళ్ళు తీశాడు. తర్వాత డీజిల్ దారిలో ఒకచోట పారదర్శకమైన ప్లాస్టిక్ గొట్టం తగిలించి, ఇంజను వేసి చూడమన్నాడు. డీజిల్‌తో పాటు సన్నటి బుడగలు పోతున్నాయి. ఒక జాయింటు దగ్గర రాగి వాషరు అరిగి గాలి పీలుస్తోంది. ఇంజను ఎగిసిపడి కుంగడానికి అదొక కారణం. వాషరు మార్చాడు. యాక్సిలరేటరు కేబుల్ తీసి చూస్తే లోపల తీగ పోగులు తెగి తొడుగులో పట్టుకుంటోంది. కాలు తీసినా లివరు పూర్తిగా వెనక్కి రావడం లేదు. కొత్త కేబుల్ వేశాడు. ఇంతవరకు అయిన ఖర్చు వెయ్యి రూపాయలలోపే.

వణుకు కొంత తగ్గింది కాని పోలేదు. అప్పుడు ఇంజను తిరుగుతూ ఉండగానే ఒక్కొక్క ఇంజెక్టరుకు వెళ్ళే పైపు నట్టు కాస్త వదులుచేసి, వెంటనే బిగించాడు. ఒకటో సిలిండరుది వదులుచేస్తే ఇంజను చప్పుడు పడిపోయింది. రెండోదీ అంతే. నాలుగోదీ అంతే. మూడోదాన్ని వదులుచేస్తే మాత్రం చప్పుడులో మార్పే లేదు. “ఉన్నా లేకపోయినా ఒకటే అంటే, వాడు పని చేయడం లేదని అర్థం” అన్నాడు. ఆఫీసుల్లో పనిచేసేవాళ్ళకు ఈ పరీక్ష చెబితే నవ్వుతారు. ఆ ఇంజెక్టరు విప్పి టెస్టరు మీద పెడితే, డీజిల్ మంచులా చిమ్మాల్సింది చుక్కలుగా కారుతోంది. నాజిల్ మార్చాడు. నల్లపొగ తగ్గింది. వణుకు ఇంకా మిగిలింది. చివరికి కంప్రెషన్ గేజి పెట్టి చూస్తే మూడో సిలిండరులో ఒత్తిడి మిగతా మూడింటికంటే బాగా తక్కువ. ఆయిల్ పోసే మూత తీస్తే అక్కడినుంచి పొగ తంతోంది. రింగులు అరిగిపోయాయి. “ఇంజను విప్పాల్సిందే. అన్నీ కలిపి నలభై అయిదు వేలు అనుకోండి” అని తేల్చాడు.

మరి వేగంగా పోయేటప్పుడు ఈ లోపం ఎందుకు తెలియలేదని అడిగాను. వేగంలో బరువైన చక్రం తన ఊపుతో తాను తిరుగుతుంది, మూడు సిలిండర్లు నాలుగోదాన్ని మోసుకుపోతాయి అన్నాడు. నిలకడలో ఆ ఊపు ఉండదు. డీజిల్ తక్కువ, తిరుగుడు తక్కువ. ఎవడి పని వాడు చేయాలి. అందుకే బలహీనుడు బయటపడతాడు. స్క్రూ బిగిస్తే ఏమవుతుంది? నిలబడి ఉన్న బండికి కూడా కొంత వేగం వస్తుంది. జబ్బు అలాగే ఉంటుంది. అది చెప్పుకునే చోటు మాత్రం పోతుంది. పైన పటారం, లోన లొటారం.

ఇక్కడితో మెకానిక్కు పని ముగిసి, మా ఇంటి పని మొదలైంది. అది జూలై నెల. ఆ సంవత్సరం టమాటా ధర ఎక్కడికి పోయిందో అందరికీ తెలుసు. కోలారు మార్కెట్టులో 15 కిలోల పెట్టె రెండు వేల రూపాయలు దాటింది. పాత పికప్పులకు కూడా గిరాకీ వచ్చింది. తమ్ముడు నా దగ్గరికి వచ్చి, “అన్నా, ఇంజను విప్పేది ఎందుకు? స్క్రూ ఒక చుట్టు తిప్పి అమ్మేద్దాం. రెండు లక్షల ముప్పై వేలకు అడుగుతున్నారు” అన్నాడు. “వాళ్ళు అడిగితే చెప్తాం. అడగకపోతే మనకేం పని?” అని కూడా అన్నాడు.

వాడి మాటలో చట్టం ఉంది. బి.కాం.లో మర్కంటైల్ లా చదివిన ప్రతివాడికీ గుర్తుండే విషయం ఇది. 1930 నాటి సరుకుల విక్రయ చట్టం 16వ సెక్షను ప్రకారం, కొన్ని మినహాయింపులు తప్పిస్తే, సరుకు బాగోగులు కొనేవాడే చూసుకోవాలి. 1872 నాటి కాంట్రాక్టు చట్టం 17వ సెక్షను మోసమంటే ఏమిటో చెబుతూ, ఊరకే మౌనంగా ఉండడం సాధారణంగా మోసం కాదంటుంది. దానికి ఒక గుర్రం ఉదాహరణ ఇచ్చారు. ఒకడు తన గుర్రానికి జబ్బు ఉందని తెలిసీ, ఏమీ చెప్పకుండా వేలంలో అమ్ముతాడు. అది మోసం కాదు. ఇరవై ఏళ్ళ వయసులో పరీక్ష కోసం బట్టీపట్టిన ఆ గుర్రం, ముప్పై ఏళ్ళ తర్వాత పికప్ రూపంలో మా ఇంటి ముందుకు వస్తుందని నేను అనుకోలేదు.

అయితే ఆ గుర్రం ఉదాహరణ అక్కడితో ఆగదు. కొనేది అమ్మేవాడి కూతురే అయి, అప్పుడే మేజరు అయిన పిల్ల అయితే, వాళ్ళ సంబంధాన్ని బట్టి గుర్రం జబ్బు చెప్పడం తండ్రి విధి. మరొక సందర్భంలో కొనేవాడు “నువ్వు కాదనకపోతే గుర్రం బాగుందనే అనుకుంటాను” అంటాడు. అమ్మేవాడు మాట్లాడడు. అప్పుడు ఆ మౌనం మాట్లాడినట్టే లెక్క. మౌనం అర్ధాంగీకారమని మనవాళ్ళు అన్నదే చట్టంలో మరో రూపంలో ఉంది. అన్నిటికంటే ముఖ్యమైనది ఇంకొకటి. తెలిసిన విషయాన్ని పూనుకొని కప్పిపుచ్చడం మోసమేనని అదే సెక్షను స్పష్టంగా చెబుతుంది.

అంటే గుర్రం కుంటుతుంటే నోరు మూసుకోవడం వేరు, కుంటు కనబడకుండా మందు పెట్టి నిలబెట్టడం వేరు. స్క్రూ తిప్పడం మౌనం కాదు, అది ఒక పని. మనం మాట్లాడకపోవడం అటుంచి, మాట్లాడుతున్న ఇంజను నోరు మూయించడం. మహాభారతంలో ధర్మరాజు అబద్ధమాడలేదని వాదించేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. చచ్చింది ఏనుగని ఆయన చెప్పనే చెప్పాడు, కాని ద్రోణుడికి వినబడకుండా మెల్లగా చెప్పాడు. శంఖాలూ భేరీలూ మిగతా పని చేశాయని కథ చెప్పేవాళ్ళు చెబుతారు. నేల తాకకుండా నాలుగంగుళాల ఎత్తున నడిచే ఆయన రథం ఆ క్షణంలో నేల మీదికి దిగింది. చిన్నప్పుడు ఆ కథ విని, ఇంత చిన్న తప్పుకి అంత శిక్షా అనుకున్నాను. ఇప్పుడు అలా అనిపించడం లేదు. మాట ఒకటి పలికి, అది వినబడకుండా చూసుకోవడం అబద్ధానికి పెద్దన్న.

ఈ మాటలు తమ్ముడికి చెప్పే అర్హత నాకుందా అన్న సందేహం వచ్చి, చెప్పకుండా ఊరుకున్నాను. ఎందుకంటే స్క్రూ తిప్పడం నాకు కొత్త కాదు.

బ్యాంకులో మాకు కూడా స్క్రూలు ఉన్నాయి. ఒకప్పుడు వసూలు కాని బాకీ మీద కూడా వడ్డీ వేసుకుని, దాన్ని ఆదాయంగా చూపించుకునే వీలు బ్యాంకులకు చాలావరకు ఉండేది. పుస్తకంలో లాభం, పెట్టెలో సున్న. మైదవోలు నరసింహం గారి అధ్యక్షతన 1991లో ఏర్పడిన కమిటీ ఇది కూడదన్నది. 1992లో రిజర్వు బ్యాంకు కొత్త నియమాలు పెట్టింది. 2004 మార్చినుంచి సాధారణ అప్పుల్లో కిస్తీ గాని వడ్డీ గాని తొంభై రోజులు దాటి నిలిచిపోతే ఆ ఖాతాను నిరర్థకంగా చూపాలన్నారు. అంటే ఇంజను వణికితే వణుకుతోందనే రాయమన్నారు. కాని స్క్రూ తిప్పే చేతులు ఎక్కడికీ పోలేదు. పాత అప్పు తీరినట్టు చూపడానికి కొత్త అప్పు ఇవ్వడం అన్ని స్థాయిల్లోనూ జరిగింది. 2015లో రిజర్వు బ్యాంకు పెద్ద ఖాతాలను తానే తిరగేసి చూసేసరికి, ఆ తర్వాతి లెక్కల్లో మొండిబాకీలు ఒక్కసారిగా బయటపడ్డాయి.

పెద్దవాళ్ళ సంగతి ఎందుకు, నా సంగతే చెబుతాను. నేను పనిచేసిన ఒక పల్లె శాఖలో ఒక రైతు ఉండేవాడు. పంట అప్పు కట్టలేకపోయాడు. మార్చి నెలాఖరులో కొత్త అప్పు మంజూరు చేసి, ఆ డబ్బు పాత ఖాతాలో జమ చేశాను. సంతకాలు అన్నీ సక్రమంగానే ఉన్నాయి. రైతు నాకు చేతులెత్తి దండం పెట్టాడు. మేనేజరు మెచ్చుకున్నాడు. మరుసటి ఏడు మళ్ళీ అలాగే. ఆ పై ఏడూ అంతే. ప్రతిసారీ వడ్డీ అసలులో కలిసింది. నాలుగో ఏడు నేను బదిలీ అయ్యాను. ఆ తర్వాత ఆయన అర ఎకరం అమ్ముకున్నాడని తెలిసింది. ఆయన బోరుబావి మొదటి ఏడే ఎండిపోయింది. అది నాకు తెలుసు. తెలిసి కూడా అడగలేదు. అడిగితే దాన్ని రాయాలి, రాస్తే ఏదో ఒకటి చేయాలి. నిజంగా గడువు పెంచి ఉండవచ్చు, నీళ్ళు తక్కువ పట్టే పంటకు మారమని చెప్పి ఉండవచ్చు. నేను వణుకు మాత్రం ఆపాను.

స్క్రూ చెడ్డదని నేను అనడం లేదు. గడువు పెంచడమూ చెడ్డది కాదు. ముసలి మేస్త్రీ మాటల్లో చెప్పాలంటే, మిగతావన్నీ సరిచేశాక చివర్న నిలకడ సర్దడానికే ఆ స్క్రూ ఉంది. చివర్న చేయాల్సింది మొదట చేస్తే అదే దోషం.

మా నాయన చాంపియన్ రీఫ్ గనిలో ఫిట్టరు. మూడు కిలోమీటర్లకు పైగా లోతుకు దిగిన గని అది. అంత లోతులో రాయి తన మీది బరువుకు తట్టుకోలేక ఉన్నట్టుండి పేలిపోయే ప్రమాదం ఉండేది. రాక్ బరస్ట్ అనే మాట గనుల ఊళ్ళో పిల్లలకు కూడా తెలుసు. ఆ పేలుళ్ళను ముందుగా పసిగట్టడానికి రాతిలోని చిన్నచిన్న కదలికలను వినే పరికరాలు పెట్టారు. 1988లో జాతీయ శిలా యాంత్రిక సంస్థ మా ఊళ్ళోనే ఏర్పడింది. పరికరాల సంగతి ఎలా ఉన్నా, లోపల పనిచేసేవాళ్ళు తమ చెవులనే నమ్ముకునేవాళ్ళు. నాయన చెప్పేవాడు: “కర్రగుంజ విరిగేముందు మూలుగుతుందప్పా. ఆ మూలుగు వింటే మనిషి బయటికి ఉరుకుతాడు. మూలగని గుంజ కింద నిలబడకూడదు.” మూలుగు మనల్ని విసిగించడానికి కాదు, బతికించడానికి అని ఆయన నేర్చుకున్నాడు. 2001 ఫిబ్రవరి 28న గనులు మూతపడ్డాయి. నాయన ఆ తర్వాత ఎక్కువ కాలం లేడు. సైనైడు దిబ్బల మీదుగా గాలి వీచినప్పుడు నాకు ఆ మాటే గుర్తొస్తుంది.

కొనడానికి వచ్చిన కుర్రవాడు కూడా గని కార్మికుల లైన్లలో పుట్టినవాడే. తెల్లవారుజామున రైలెక్కి బెంగళూరు పోయి, రాత్రికి ఇల్లు చేరే ఉద్యోగం. మా ఊళ్ళో వేలమంది బతుకు ఆ రైలు మీదే. అది మాని సొంత బండి పెట్టుకోవాలని, భార్య నగలు కుదువపెట్టి డబ్బు తెచ్చుకున్నాడు. బంగారం తవ్విన తాతకు మనవడు, బంగారం తాకట్టు పెట్టి మా పాత బండి కొనడానికి వచ్చాడు. వెంట మెకానిక్కును తెచ్చుకోలేదు. ఎందుకు తేలేదని అడిగితే, “మీరు బ్యాంకు సార్ కదా. మీ నాయన చాంపియన్ రీఫ్‌లో ఫిట్టరని మా తాత చెప్తుండేవాడు. మీరు బాగుందంటే చాలు సార్” అన్నాడు.

అప్పుడు నాకు చట్టంలోని ఉదాహరణలన్నీ ఒకేసారి ఎదుట నిలబడ్డట్టు అనిపించింది. కాదనకపోతే బాగుందనే అనుకుంటానన్నవాడూ ఇతనే, కూతురి స్థానంలో ఉన్నవాడూ ఇతనే. చట్టం ఎవరు కూతురో, ఎవరు పరాయివాడో గీత గీసి చెబుతుంది. ఆ గీతను ఎంత దూరం జరపాలన్నదే నీతి ప్రశ్న అని నాకు ఆ రోజు తెలిసింది. నా తమ్ముడు పక్కనే నిలబడి నా ముఖం చూస్తున్నాడు. నేను బండి స్టార్టు చేసి, కాలు తీసి, వణకనిచ్చాను. మూడో సిలిండరు సంగతి, మేస్త్రీ చెప్పిన నలభై అయిదు వేల సంగతి చెప్పాను. లక్షా ఎనభైకి ఇస్తామన్నాను. అతను ఆలోచించుకుని వస్తానని వెళ్ళాడు. మళ్ళీ రాలేదు.

తమ్ముడు ఆ రాత్రి అన్న మాట నేను మరిచిపోలేదు. “నీకు నెల తిరిగేసరికి జీతం వస్తుంది. నీకు నిజం చౌక. నాకు కాదన్నా.” దీనికి నా దగ్గర పూర్తి జవాబు లేదు. నిజం చెప్పాలని నిర్ణయించింది నేను, దాని ఖరీదులో ఎక్కువ భాగం వాడి మీద పడింది. నీతి గురించి మాట్లాడేవాళ్ళం చాలాసార్లు ఇతరుల డబ్బుతోనే నీతిమంతులం అవుతాం. ఇంజను విప్పే ఖర్చు నేను పెట్టుకున్నాను. అది ఉదారం కాదు, నా బాకీ.

నవంబరులో ముసలి మేస్త్రీ షాపులో ఆ కుర్రవాణ్ణి చూశాను. మరెక్కడో మరొక పికప్ కొన్నాడు. ఇంజను విప్పి నేల మీద పరిచి ఉంది. అప్పటికి టమాటా ధర ఎప్పుడో పడిపోయింది. నన్ను చూసి నవ్వి, “అది ఆగి ఉన్నప్పుడు అసలు వణకనే లేదు సార్” అన్నాడు. నేను నిజం చెప్పినందువల్ల అతనికి ఒరిగిందేమీ లేదు. మా బండి వణికింది కాబట్టి వణకని బండి కొనుక్కున్నాడు. లోపం చెప్పినవాడికంటే దాచినవాడి సరుకే బాగున్నట్టు కనబడుతుంది. ఇది తెలిసి కూడా చెప్పాలా అని పాఠకులు నన్ను అడగవచ్చు.

చెప్పాలనే నా అభిప్రాయం. చెబితే మేలు జరుగుతుందన్న హామీతో కాదు. ఊళ్ళో ఉన్న స్క్రూలన్నిటికీ నేను కాపలా కాయలేను. నా చేతికింద ఉన్న స్క్రూకు మాత్రం నేనే జవాబుదారీ. బ్యాంకులో ఇంకా కొన్నేళ్ళ సర్వీసు ఉంది. ఇప్పుడు మార్చి నెలాఖరులో ఏదైనా ఖాతా కాగితాలు నా ముందుకు వస్తే, సంతకానికి ముందు ఆ మనిషిని కూర్చోబెట్టి, బోరులో నీళ్ళున్నాయా అని అడుగుతున్నాను. అందరూ నిజం చెప్పరు. అడిగినందుకు కొందరు విసుక్కుంటారు కూడా.

మా తమ్ముడు ఇప్పటికీ ఆ బండే నడుపుతున్నాడు. నాతో మాటలు కలవడానికి మూడు నెలలు పట్టింది. ఒకరోజు తెల్లవారుజామున వాడితో కలిసి కోలారు మార్కెట్టుకు పోయాను. గేటు దగ్గర బండ్ల వరుసలో ఆగాం. వాడు ఇంజను ఆపలేదు. యాక్సిలరేటరు మీదినుంచి కాలు తీసి, తల కాస్త పక్కకు వంచి, కొంతసేపు విన్నాడు. మా నాయన అలాగే వినేవాడు. నేను ఏమీ అనలేదు.